సత్రం నుంచి సూట్ దాకా: తెలుగువారి యాత్రా వసతి చరిత్రలో మధ్యవర్తి స్థానం

వ్యాససంగ్రహం

విలాసవంతమైన హోటళ్లలో సూట్ల ధరలను ప్రయాణ సలహాదారుల ద్వారా కుదుర్చుకోవడం ఆధునిక వ్యాపార పద్ధతిగా కనిపిస్తుంది. అయితే యాత్రికునికీ వసతికీ నడుమ మధ్యవర్తి నిలవడం తెలుగువారికి కొత్త విషయం కాదు. సత్రం, పూటకూళ్ల ఇల్లు, పండా ఇల్లు, రాజ అతిథిగృహం, నక్షత్ర హోటల్ అనే దశల్లో మధ్యవర్తి పాత్ర ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మల్యాల ప్రాంతపు యాత్రా జీవనాన్ని నేపథ్యంగా, హైదరాబాదులోని ఫలక్‌నుమా భవనాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది. మధ్యవర్తి బేరంలో ధర కన్నా మర్యాదకు ప్రాధాన్యం ఎక్కువని, అతనికి ప్రతిఫలం చెల్లించేది ఎవరన్న దానిపైనే అతని పక్షపాతం ఆధారపడి ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సత్రం, పూటకూళ్ల ఇల్లు, కాశీయాత్ర, పండా, ఫలక్‌నుమా, కమీషన్, సిఫారసు, మల్యాల, కొండగట్టు.

1. ఉపోద్ఘాతం

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం ఉంది. దీనికి దక్షిణాన వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయం, ఉత్తరాన గోదావరి ఒడ్డున ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నాయి. ఈ మూడు క్షేత్రాలను కలుపుతూ సాగే యాత్ర ఇక్కడి ప్రజాజీవితంలో భాగం. హనుమద్దీక్ష తీసుకున్నవారు పదకొండు, ఇరవై ఒకటి లేదా నలభై ఒక్క రోజుల నియమం ముగించి మాల విరమణకు కొండగట్టు చేరుకుంటారు. చైత్ర పౌర్ణమి నాడు, వైశాఖ బహుళ దశమి నాడు కొండపై రద్దీ అధికంగా ఉంటుంది. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది ప్రతి యాత్రికుని ముందూ ఉండే ప్రశ్న.

ఇదే ప్రశ్న హైదరాబాదులోని ఒక రాజభవన హోటల్లో సూట్ తీసుకోదలచిన సంపన్న ప్రయాణికునికీ ఉంది. పడకగది, కూర్చునే గది వేర్వేరుగా ఉండే వసతిని హోటల్ పరిభాషలో సూట్ అంటారు. దాని ధరను అతడు స్వయంగా అడగకుండా ఒక సలహాదారు ద్వారా అడిగిస్తాడు. కొండపై మండపంలో తువ్వాలు పరచుకునే భక్తునికీ ఇతనికీ ఆర్థికంగా పోలిక లేదు. అయినా ఇద్దరి అవసరమూ ఒకటే: పరాయి ఊరిలో తనను ఎరిగినవారు లేనప్పుడు తన తరఫున మాట్లాడే మనిషి. ఆ మనిషి చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పదాలు చెప్పే చరిత్ర

వసతికి సంబంధించిన తెలుగు పదాలలోనే ధరకు సంబంధించిన ఆలోచన దాగి ఉంది. సంస్కృతంలో ‘సత్రం’ అనేక దినాలు సాగే యజ్ఞం. ఆ పదం క్రమంగా అన్నదానం జరిగే చోటుకు, యాత్రికులు ఆగే ఇంటికి పేరైంది. సత్రానికి మూలం దానం కనుక అక్కడ బేరానికి తావు లేదు. ‘చావడి’ గ్రామ వ్యవహారాలు జరిగే బహిరంగ స్థలం. బాటసారి తల దాచుకునేదీ అక్కడే. దక్షిణ భారతంలోని ఆంగ్లేయులు సత్రాన్ని ‘చౌల్ట్రీ’ అన్నారు. ఆ మాట ఈ చావడి నుంచి పుట్టినదే. నిజాం రాజ్యంలో వీటికి తోడు పారసీక మూలం గల ‘సరాయి’, ‘ముసాఫిర్‌ఖానా’ అనే పదాలు వాడుకలో ఉండేవి. ఏడవ నిజాం కాలంలో నాంపల్లి రైల్వే స్టేషన్ సమీపంలో వెలసిన సరాయి ఈ సంప్రదాయానికి చెందినదే.

వీటికి భిన్నమైనది పూటకూళ్ల ఇల్లు. ఇక్కడ భోజనానికి వెల ఉంది. కాకతీయుల ఓరుగల్లును చిత్రించిన ‘క్రీడాభిరామం’లో ఒక రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వంటి గ్రంథాలు ఇటువంటి కావ్య వర్ణనలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా స్వీకరించాయి. ఆ నాటకంలో టిట్టిభసెట్టి, గోవింద మంచనశర్మ అనే మిత్రులిద్దరూ నగరమంతా తిరుగుతారు. నగరం ఎరిగిన తోడు ఉంటే మంచి తిండి, మంచి వినోదం దొరుకుతాయన్న లోకానుభవం ఆ రచనలో కనిపిస్తుంది.

అయితే వెల తీసుకుని అన్నం పెట్టే వృత్తికి సమాజంలో గౌరవం దక్కలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్లమ్మ పాత్ర చుట్టూ అల్లుకున్న చులకన భావమే దీనికి సాక్ష్యం. దానం ఉన్నతం, విక్రయం నీచం అన్న ఈ విలువల మధ్య వసతి వ్యాపారం చాలాకాలం తన పేరు చెప్పుకోలేకపోయింది. ధరను నేరుగా పలకడం మర్యాద కాదన్న భావన ఉన్నచోట ఆ మాట పలికేందుకు మూడో మనిషి అవసరమయ్యాడు.

3. కాశీయాత్రలో బేరం: దుబాసి, పండా

తెలుగు యాత్రా సాహిత్యంలో ఈ మూడో మనిషిని స్పష్టంగా చూపిన గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో సుమారు వంద మంది పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగి వచ్చాడు. ఆయన మరణానంతరం 1838లో ఈ గ్రంథం అచ్చయింది.

ప్రతి మజిలీ గురించి రాసేటప్పుడు వీరాస్వామయ్య దృష్టి నీటి వసతి, అంగళ్లు, దిగేందుకు అనువైన చోటు వంటి అంశాలపై నిలుస్తుంది. తరువాత వచ్చే యాత్రికునికి ఉపయోగపడాలన్న ఉద్దేశం అందులో కనిపిస్తుంది. ఆ విధంగా చూస్తే ఆయనే తెలుగువారి తొలి ప్రయాణ సలహాదారులలో ఒకడు. వృత్తిరీత్యా రెండు భాషల నడుమ, రెండు పక్షాల నడుమ నిలిచి మాట్లాడే మనిషి కావడం వల్ల వ్యవహారాల లోతుపాతులు ఆయనకు తెలుసు.

అటువంటి వ్యక్తి కూడా ఉత్తరాదిలో మరొక మధ్యవర్తిపై ఆధారపడక తప్పలేదు. ప్రయాగలో ప్రయాగవాళీలు, గయలో గయావళీలు యాత్రికునికి దిగే చోటు, కర్మకాండ, దక్షిణల లెక్క అన్నీ కలిపి కుదిర్చేవారు. కంపెనీ ప్రభుత్వం ఆ రోజుల్లో ప్రయాగ, గయ, పూరి క్షేత్రాలలో యాత్రికుల నుంచి పన్ను వసూలు చేసేది. అది 1840లో రద్దయింది. పన్ను ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం. దక్షిణ మాత్రం యాత్రికుని స్థితిని బట్టి మారేది. కనుక బేరమంతా దక్షిణ చుట్టూ జరిగేది.

పండాల వ్యవస్థలో మరో ముఖ్యాంశం బహీ. ఏ ప్రాంతం నుంచి, ఏ వంశం వారు, ఎప్పుడు వచ్చారో తరతరాలుగా రాసి ఉంచే ఖాతా పుస్తకం అది. పండా యాత్రికుణ్ని ‘మీ తాతగారు ఇక్కడే దిగారు’ అని ఆహ్వానించగలిగేది దాని బలంతోనే. ఆ ఒక్క మాటతో పరాయి ఊరు తెలిసిన ఊరు అవుతుంది, దక్షిణ మొత్తమూ పెరుగుతుంది. అతిథి గత సందర్శనల వివరాలను, ఇష్టాయిష్టాలను భద్రపరచి వాటి ఆధారంగా మర్యాదలు చేసే నేటి హోటల్ పద్ధతికి బహీ పూర్వరూపం.

4. ఫలక్‌నుమా: అమ్మకానికి లేని గదులు

మల్యాల ప్రాంతం 1948 వరకు నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్య రాజధానిలో అత్యున్నత వసతికి చిహ్నం ఫలక్‌నుమా. పాయెగా వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా 1884లో దీని నిర్మాణానికి శంకుస్థాపన చేశాడు. భవనం పూర్తి కావడానికి సుమారు పదేళ్లు పట్టింది. 19వ శతాబ్దం ముగిసేలోగా ఇది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అధీనంలోకి వచ్చి, రాజ్యానికి వచ్చే ప్రముఖులకు అతిథిగృహమైంది. 101 మంది కూర్చోగల భోజనపు బల్ల ఈ భవనపు ఆతిథ్య స్థాయిని ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఈ దశలో ఫలక్‌నుమా గదికి ధర లేదు. డబ్బు ఎంత ఉన్నా సామాన్యుడు అక్కడ దిగలేడు. దిగడానికి కావలసింది హోదా, ఆ హోదాను ధ్రువీకరించే అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాలు. అతిథి ఎంతటివాడు, ఎవరు ఎదురు వెళ్లాలి, ఎక్కడ దించాలి అన్న నిర్ణయాలు రాజోద్యోగుల స్థాయిలో జరిగేవి. సత్రంలో గది అందరికీ ఉచితం. అతిథిగృహంలో అది కొందరికే ఉచితం. రెండింటిలోనూ ధర లేకపోయినా, రెండో చోట ప్రవేశం కోసం మధ్యవర్తిత్వం తప్పనిసరి.

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత భవనం చాలాకాలం నిశ్శబ్దంగా ఉండిపోయింది. 2000 తరువాత ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో పునరుద్ధరణ సాగింది. 2010 నవంబరులో అరవై గదులు, సూట్లతో తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ హోటల్‌గా తెరుచుకుంది. అక్కడికి చేరిన అతిథిని గుర్రపు బగ్గీలో పైకి తీసుకువెళ్లి గులాబీ రేకులతో స్వాగతిస్తారు. ఒకప్పుడు నిజాం అతిథికి హోదా వల్ల దక్కిన మర్యాద ఇప్పుడు గది అద్దెలో భాగమైంది. మర్యాద ఇలా ధరలో కలిసిపోయినప్పుడు ఆ ధరను కుదిర్చే మధ్యవర్తి స్వరూపం కూడా మారింది. ఆ మార్పుకు మూలాలు ఐరోపా ప్రయాణ వ్యాపారంలో ఉన్నాయి.

5. కూపను, కమీషన్, సలహాదారు

1841లో ఇంగ్లండులోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైలు యాత్ర ఏర్పాటు చేసిన థామస్ కుక్ పేరుతో ఈ చరిత్ర మొదలవుతుంది. 1860వ దశకం చివర అతని సంస్థ హోటల్ కూపన్లను ప్రవేశపెట్టింది. ప్రయాణికుడు ముందే కూపను కొనుక్కుంటాడు, హోటల్ ఆ కూపను తీసుకుని గది ఇస్తుంది, ఆ తరువాత సంస్థ హోటల్‌కు సొమ్ము చెల్లిస్తుంది. దీనితో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, పరాయి ఊళ్లో బేరమాడవలసిన పని ప్రయాణికునికి తప్పింది. రెండోది, పెద్ద సంఖ్యలో అతిథులను పంపే సంస్థకు హోటల్‌తో ప్రత్యేక ధర మాట్లాడుకునే శక్తి వచ్చింది.

ఈ సంస్థ 1881లో బొంబాయిలో కార్యాలయం తెరిచింది. 1886లో భారత ప్రభుత్వం హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను దీనికి అప్పగించింది. విహారానికి పుట్టిన వ్యవస్థ అయిదేళ్లలోనే తీర్థయాత్రను చేరుకోవడం గమనార్హం. పండా, కుక్ ఏజెంటు ఒకే పని రెండు పద్ధతుల్లో చేశారు. పండా తన బహీలోని వంశాన్ని నమ్ముకున్నాడు, ఏజెంటు అచ్చు వేసిన చీటీని నమ్ముకున్నాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఏజెంటు జీవనాధారం విమానయాన సంస్థలు, హోటళ్లు ఇచ్చే కమీషన్. శతాబ్దం చివరి నుంచి విమాన సంస్థలు దానిని కుదించసాగాయి. ఇంటర్నెట్‌లో టికెట్ తానే కొనుక్కోగల ప్రయాణికునికి టికెట్ రాసి ఇచ్చే ఏజెంటు అవసరం తగ్గింది. అమెరికాలోని ఏజెంట్ల సంఘం 2018లో తన పేరులోని ‘ఏజెంట్లు’ అన్న మాట తీసి ‘అడ్వైజర్లు’ అని చేర్చుకుంది. పేరు మారినా హోటళ్ల నుంచి వచ్చే కమీషన్ ఇప్పటికీ వారి ఆదాయంలో ముఖ్యమైనదే.

6. సూట్ బేరం జరిగే తీరు

హోటల్ గది ఈ రాత్రి అమ్ముడుపోకపోతే రేపు ఆ రాత్రిని అమ్మడం సాధ్యం కాదు. కూరగాయల అంగడిలో సాయంత్రం ధర తగ్గడానికి ఉన్న కారణమే ఇక్కడా ఉంది. అయినా పెద్ద హోటళ్లు సూట్ ధరను బహిరంగంగా తగ్గించడానికి ఇష్టపడవు. ఒకసారి తగ్గిన ధర అన్ని అమ్మకపు మార్గాలకూ పాకుతుంది, హోటల్ ప్రతిష్ఠకూ భంగం కలుగుతుంది. సలహాదారుకు చోటు దొరికేది ఈ ఇబ్బంది వల్లనే.

బేరం ప్రధానంగా మూడు విధాలుగా సాగుతుంది. మొదటి పద్ధతిలో అతిథి ప్రకటిత ధరే చెల్లిస్తాడు, హోటల్ సలహాదారుకు అందులోంచి కమీషన్ ఇస్తుంది. పది శాతం సాధారణంగా కనిపించే స్థాయి. రాత్రికి 50,000 రూపాయల సూట్ అనుకుంటే సలహాదారుకు 5,000 చేరుతుంది. రెండో పద్ధతిలో హోటల్ సలహాదారుకు కమీషన్ లేని నికర ధర చెప్తుంది. అతడు దానిపై తన ప్రతిఫలం కలిపి అతిథికి అమ్ముతాడు. అతిథికి మిగిలేదెంత, సలహాదారుకు మిగిలేదెంత అన్నది ఇందులో బయటకు తెలియదు. మూడో పద్ధతిలో ధర అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవి మారతాయి. ఇద్దరికి ఉదయపు ఫలహారం, భోజనశాలలో వాడుకునే కొంత సొమ్ము, ముందుగా దిగే, ఆలస్యంగా ఖాళీ చేసే వీలు, ఖాళీ ఉంటే పై శ్రేణి సూట్ వంటివి చేరతాయి. ఖాళీగా ఉన్న పై శ్రేణి సూట్ ఇవ్వడానికి హోటల్‌కు అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. అతిథికి మాత్రం దాని విలువ చాలా ఎక్కువ.

బేరంలో సలహాదారుకు బలమిచ్చే అంశాలు కొన్ని ఉన్నాయి. రద్దీ లేని రోజులు ఎంచుకోవడం, ఎక్కువ రాత్రులు కలిపి అడగడం, పెళ్లి వంటి సందర్భాలలో అనేక గదులు ఒకేసారి తీసుకోవడం, అదే హోటల్‌కు ఏడాది పొడవునా అతిథులను పంపుతూ ఉండటం వాటిలో ముఖ్యమైనవి. వీటితోపాటు సలహాదారు హోటల్‌కు అతిథి గురించి ముందుగా రాసే పరిచయ లేఖ కూడా కీలకం. వచ్చేవారు ఎవరు, ఏ సందర్భం, మళ్లీ వచ్చే అవకాశం ఎంత అన్న వివరాలు అందులో ఉంటాయి. ఫలక్‌నుమా అతిథిగృహంగా ఉన్న రోజుల నాటి హోదా పత్రం, పండా బహీలోని వంశ వివరం ఈ లేఖలో ఒక్కటయ్యాయి. సూట్ బేరంలో కుదిరే వాటిలో అధిక భాగం మర్యాదలేనని ఈ మూడో పద్ధతి రుజువు చేస్తుంది.

7. మల్యాల ప్రాంత అనుభవం: సిఫారసు, పైరవీ, ఏజెంటు

మల్యాల పరిసరాల ప్రజలకు ఈ వ్యవస్థ సూట్ రూపంలో పరిచయం లేకపోవచ్చు. దాని సారం మాత్రం బాగా తెలుసు. తిరుమలలో గది కోసం, దర్శనం కోసం ప్రజాప్రతినిధి సిఫారసు లేఖ సంపాదించడం తెలంగాణలో సాధారణ అనుభవం. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖల స్వీకరణ చర్చనీయాంశమై, 2025 మార్చిలో తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని అనుమతించింది. లేఖ గది అద్దెను తగ్గించదు. ఉన్న అద్దెకే గది దొరికేలా చేస్తుంది. సలహాదారు లేఖ చేసే పనీ అదే. ఈ ప్రయత్నానికి తెలంగాణ వాడుకలో ‘పైరవీ’ అన్న మాట ఉంది. అందులో కొంత నిందా ధ్వని, కొంత అనివార్యత రెండూ ఉన్నాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ‘ఏజెంటు’ అనగానే స్ఫురించేది గల్ఫ్ దేశాలకు పంపే మధ్యవర్తి. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంటు వలస కార్మికుని నుంచి తీసుకోగల సేవా రుసుముకు 30,000 రూపాయల పరిమితి ఉంది. దానికి పన్ను అదనం. ఇక్కడ మధ్యవర్తికి చెల్లించేవాడు కార్మికుడు. సూట్ బేరంలో చెల్లించేది హోటల్. ధనిక ప్రయాణికుడు తన తరఫున మాట్లాడినవానికి విడిగా ఏమీ ఇవ్వకుండానే మర్యాదలు పొందగలడు. పని వెతుక్కుంటూ వెళ్లే మనిషి, పనిచ్చే యజమాని అవసరం తీర్చే మధ్యవర్తికి తానే రుసుము చెల్లిస్తాడు. ఒకే పేరు గల రెండు వృత్తుల మధ్య ఉన్న ఈ తేడా మధ్యవర్తి చరిత్రలో అత్యంత కీలకమైనది. బేరంలో ఎవరి అవసరం ఎక్కువో వారే ఖర్చు భరిస్తారు.

పన్ను చట్టం కూడా సత్రానికీ సూట్‌కూ నడుమ గీత గీసింది. వస్తు సేవల పన్ను విధానంలో రోజుకు 7,500 రూపాయలు మించిన హోటల్ గదికి 18 శాతం పన్ను ఉంది. ధార్మిక సంస్థలు ఆలయ ప్రాంగణాలలో రోజుకు 1,000 రూపాయల కంటే తక్కువకు ఇచ్చే గదులకు మినహాయింపు ఉంది. దానం, విక్రయం అన్న పాత విభజన ఈ అంకెలలో నేటికీ జీవించి ఉంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేటపడుతున్నాయి.

ఒకటి, తెలుగు సమాజంలో వసతి మొదట దానం, తరువాత విక్రయం. దానికి ధర ఏర్పడక ముందే మధ్యవర్తి ఉన్నాడు. కనుక అతని పుట్టుకకు కారణం ధర ఒక్కటే కాదు. పరాయి ఊరిలో గుర్తింపు అవసరం కావడం అంతకన్నా బలమైన కారణం.

రెండు, పండా బహీ, రాజ అతిథిగృహపు ఉత్తరాలు, కుక్ కూపను, సలహాదారు పరిచయ లేఖ, ప్రజాప్రతినిధి సిఫారసు లేఖ ఒకే వరుసలోనివి. ఇవన్నీ అపరిచితుణ్ని అతిథిగా మార్చే పత్రాలు.

మూడు, మధ్యవర్తి నిష్ఠ ఎవరి పక్షమో తెలియాలంటే అతనికి సొమ్ము ఎవరి నుంచి వస్తుందో చూడాలి. సూట్ బేరాన్ని మెచ్చుకునేటప్పుడైనా, గల్ఫ్ ఏజెంటును నిందించేటప్పుడైనా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

నాలుగు, ఈ వరుసలో చోటు దొరకనివారు ఇంకా ఉన్నారు. మానసిక రుగ్మతలతో బాధపడేవారిని కొండగట్టుకు తీసుకువచ్చి మండలం రోజులు స్వామి సన్నిధిలో ఉంచితే నయమవుతుందన్న విశ్వాసం ప్రజల్లో ఉంది. ఆ నమ్మకంతో వచ్చే కుటుంబానికి ఒక రాత్రి కాదు, నలభై రాత్రుల వసతి కావాలి. హోటల్ వ్యాపార సూత్రం ప్రకారం ఎక్కువ రాత్రులు అడిగేవారికే ఎక్కువ బేరబలం. ఆ బలం ఈ కుటుంబానికి దక్కదు. వారి తరఫున రాసే సలహాదారు లేడు, చాలామందికి సిఫారసు లేఖ కూడా లేదు. మధ్యవర్తి అవసరం లేకుండా తలుపు తెరిచే చోటుగా సత్రం పుట్టింది. యాత్రా వసతి చరిత్రను పరిశోధించేవారు రాజభవనాల నుంచి కొండమీది మండపాల వరకు ఉన్న ఈ దూరాన్ని కూడా కొలవవలసి ఉంది.